నిర్వాసితుల కదలికలను గుర్తించడం: బర్మా నుంచి భారతీయుల తరలింపు, 1942

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
– యుద్ధ ప్రాంతాల్లో నిర్వాసితుల కదలికలను చరిత్రకారులు ఏ ఆధారాలతో తెలుసుకుంటారో వివరించగలుగుతారు.
– 1942లో బర్మా నుంచి భారతీయులు ప్రయాణించిన ముఖ్యమైన దారులను గుర్తించగలుగుతారు.
– ఒకే సంఘటనపై వేర్వేరు అంకెలు ఎందుకు వస్తాయో విశ్లేషించగలుగుతారు.
– ఆనాటి లెక్కింపును నేటి పద్ధతులతో పోల్చగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

యుద్ధం వచ్చినప్పుడు సైన్యాల కదలికలకు పటాలు ఉంటాయి. ఏ రోజున ఏ దళం ఏ వంతెన దాటిందో దినచర్యల్లో రాసి ఉంటుంది. అదే రోడ్డు మీద అదే రోజున మూటలు నెత్తిన పెట్టుకొని నడిచిన సామాన్య ప్రజలకు మాత్రం అలాంటి పటం సాధారణంగా ఉండదు. వారు ఎందరు బయలుదేరారు, ఏ దారిన వెళ్లారు, ఎందరు చేరారు అన్న ప్రశ్నలకు చరిత్రకారుడు చెల్లాచెదురుగా ఉన్న ఆధారాల నుంచి సమాధానం కూర్చుకోవాలి.

1941 డిసెంబరు నుంచి 1942 వర్షాకాలం వరకు బర్మా నుంచి జరిగిన భారతీయుల తరలింపు ఇందుకు మంచి ఉదాహరణ. సుమారు నాలుగు నుంచి ఐదు లక్షల మంది భారతీయులు ఆ కొద్ది నెలల్లో బర్మా విడిచి వచ్చారని అంచనా. వారిలో చాలామంది కొండలు, అడవులు దాటుతూ కాలినడకన వచ్చారు. దారిలో మరణించినవారు 10,000 మంది అని చెప్పినవారు ఉన్నారు. 50,000 అనీ, అంతకు మించి అనీ చెప్పినవారూ ఉన్నారు. ఒకే విషాదానికి ఇంత తేడా ఉన్న అంకెలు ఎందుకు వచ్చాయి? ఈ భాగంలో మనం ప్రధానంగా పరిశీలించే ప్రశ్న ఇదే.

ఇది తెలుగువారికి దూరపు చరిత్ర కాదు. బర్మాలోని భారతీయుల్లో తెలుగువారు ఒక పెద్ద సమూహం. కోస్తా జిల్లాల్లో 'రంగం వెళ్లడం' అన్న మాటకు రంగూన్‌కు కూలికి వెళ్లడమని అర్థం. అక్కడి నుంచి తిరిగి వచ్చినవారిని మన ప్రాంతంలో 'బర్మా కాందిశీకులు' అన్నారు.

2. నేపథ్యం: బర్మాలో భారతీయులు

1824–26, 1852, 1885 సంవత్సరాల్లో జరిగిన మూడు యుద్ధాల ద్వారా బ్రిటిష్ వారు బర్మాను ఆక్రమించారు. 1937 ఏప్రిల్ 1న వేరు చేసేవరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగంగానే ఉంది. అందువల్ల కాకినాడ నుంచి రంగూన్‌కు వెళ్లడం చట్టం దృష్టిలో విదేశీ ప్రయాణం కాదు. పాస్‌పోర్టు అవసరం లేదు; ఓడ టిక్కెట్టు ఉంటే చాలు. మన చర్చకు ఈ విషయం ముఖ్యం. సరిహద్దు లేనిచోట సరిహద్దు దాటినవారి పేర్ల పట్టిక కూడా ఉండదు.

దిగువ బర్మాలో వరిసాగు విస్తరించిన కొద్దీ కూలీల అవసరం పెరిగింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తెలుగువారు బియ్యం మిల్లులకు, రేవు పనులకు, రిక్షా లాగడానికి, పురపాలక పారిశుధ్య పనులకు వెళ్లారు. వీరిని చాలావరకు మేస్త్రీలు కుదుర్చుకొనేవారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టుకొని, ముఠాను తీసుకువెళ్లి, కూలిలో ఆ బాకీని మినహాయించుకొనేవాడు. ముఠాలో ఎవరెవరు ఉన్నారన్నది మేస్త్రీకి తెలుసు; ప్రభుత్వానికి తెలియదు.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో 10,17,825 మంది భారతీయులు ఉన్నారు. మొత్తం జనాభాలో ఇది సుమారు 7 శాతం. రంగూన్ నగర జనాభా 4,00,415 కాగా, అందులో 2,12,929 మంది, అంటే సగానికి పైగా, భారతీయులే. దేశం మొత్తంలో తెలుగువారు లక్షకు పైగా ఉన్నారు. వీరిలో అత్యధికులు పురుషులు. కుటుంబాలు స్వగ్రామాల్లోనే ఉండేవి.

ఈ అంకెలను ఉపయోగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆ లెక్కలు తీసింది ఫిబ్రవరి నెలలో. బర్మాలో కోతలు ముగిసి, బియ్యం మిల్లులు పూర్తిగా నడిచే కాలం అది. కాబట్టి కొద్ది నెలల కోసం వచ్చిన కూలీలు కూడా ఆ సంఖ్యలో చేరారు. వానలు పడ్డాక లెక్కిస్తే అంకె తగ్గి ఉండేది. 'బర్మాలో ఉన్న భారతీయులు' అన్నది నిలకడగా ఉన్న చెరువు నీరు వంటిది కాదు. రెండు వైపులా పారే కాలువ వంటిది.

1930ల నాటికి వ్యవసాయ సంక్షోభం, ఉద్యోగాల పోటీ, అప్పుల కింద భూములు చేతులు మారడం వల్ల బర్మీయులకు, భారతీయులకు మధ్య ఉద్రిక్తత పెరిగింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకొని, సమ్మె ముగియగానే తొలగించడంతో అల్లర్లు చెలరేగాయి. వందకు పైగా ప్రాణాలు పోయాయి. 1938లో మళ్లీ అల్లర్లు జరిగాయి. బాంబులు పడగానే భారతీయులు వెంటనే నగరం విడిచి పరుగెత్తడానికి జపాన్ భయం ఒక్కటే కారణం కాదు. రక్షణ లేని చోట మిగిలిపోతామన్న పాత భయమూ కారణమే.

3. యుద్ధం, తరలింపు: ప్రధాన ఘట్టాలు

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. డిసెంబరు 25న మళ్లీ దాడి జరిగింది. వెయ్యికి పైగా ప్రజలు మరణించారు. రేవు కూలీలు, మిల్లు కూలీలు, పారిశుధ్య కార్మికులు వేల సంఖ్యలో ప్రోమ్ దారి పట్టారు. రేవు స్తంభించింది, నగరంలో చెత్త ఎత్తేవారు కరువయ్యారు.

ప్రభుత్వం మొదట చేసిన పని వారిని వెనక్కి రప్పించే ప్రయత్నం. యుద్ధ సామగ్రి దింపడానికి రేవు నడవాలి. రేవు నడవడానికి కూలీలు కావాలి. కొందరు నచ్చజెప్పగా తిరిగి వచ్చారు కూడా. ఓడల్లో డెక్ ప్రయాణానికి ఆంక్షలు పెట్టారు. డెక్ ప్రయాణమంటే పేదవారి ప్రయాణం. క్యాబిన్ టిక్కెట్టు కొనగలిగినవారికి సముద్రమార్గం తెరిచే ఉంది. కొనలేనివారికి దాదాపు మూసుకుపోయింది.

తరవాత సంఘటనలు వేగంగా జరిగాయి. 1942 జనవరి 31న మౌల్మీన్, ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమయ్యాయి. ఫిబ్రవరి 23న సిట్టాంగ్ వంతెనను బ్రిటిష్ సైన్యమే పేల్చివేసింది. మార్చి 8న జపాన్ సేనలు రంగూన్‌లో ప్రవేశించాయి. దానితో సముద్రమార్గం పూర్తిగా ముగిసింది. ఏప్రిల్ 3న మాండలేపై భారీ బాంబు దాడి జరిగింది. మే 1న ఆ నగరం పతనమైంది. మే 8న మిట్కినా పడిపోవడంతో విమానమార్గం కూడా పోయింది. ఆ తరవాత కొద్ది రోజులకే వర్షాలు మొదలయ్యాయి. అప్పటికీ అడవుల్లో వేలాదిమంది నడుస్తూనే ఉన్నారు.

4. నాలుగు దారులు

(అ) సముద్రమార్గం: రంగూన్ నుంచి ఓడల్లో సుమారు 70,000 మంది భారత తీరానికి చేరారు. విమానాల్లో వెళ్లినవారు కొన్ని వేలు మాత్రమే.

(ఆ) అరకాన్ మార్గం: రంగూన్ నుంచి ప్రోమ్ వరకు రోడ్డు; అక్కడ ఇరావతి నది దాటి, అరకాన్ యోమా కొండల్లోని టాంగుప్ కనుమ గుండా తీరానికి; అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్, ఆపై చిట్టగాంగ్. డిసెంబరు బాంబు దాడుల తరవాత బయలుదేరిన తొలి ప్రవాహంలో కూలీలు ఎక్కువగా పట్టిన దారి ఇదే. కొండదారిలో నీరు తక్కువ. ప్రోమ్ దగ్గర జనం పోగుపడడంతో కలరా వ్యాపించింది. ఈ దారిన లక్ష నుంచి రెండు లక్షల మంది వరకు వచ్చారని అంచనాలు ఉన్నాయి.

(ఇ) మణిపూర్ మార్గం: మాండలే, మోనీవా ప్రాంతాల నుంచి చింద్విన్ నదిపై ఉన్న కలేవా, అక్కడి నుంచి తాము, పాలేల్, ఇంఫాల్, చివరకు దీమాపూర్ రైల్వే స్టేషన్. రంగూన్ పతనమయ్యాక లక్షల్లో సాగిన ప్రవాహం ఇటే నడిచింది. తిండి చాలదన్న కారణంతో అధికారులు రోజుకు ఇంతమందినే వదలాలని అడ్డుకట్టలు వేశారు. ఈ మార్గంలోనే తెల్లవారికి ఒక దారి, భారతీయులకు ఒక దారి కేటాయించారన్న ఆరోపణలు వచ్చాయి. 'తెల్ల దారి', 'నల్ల దారి' అన్న మాటలు పత్రికల్లోకి ఎక్కాయి. ప్రభుత్వం ఖండించినా, కాంగ్రెస్ నాయకులు దీనిని తీవ్రంగా విమర్శించారు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ప్రవాస భారతీయుల శాఖ చూస్తున్న ఎం.ఎస్. ఆణే స్వయంగా ఆ మార్గాన్ని పరిశీలించడానికి వెళ్లవలసి వచ్చింది.

(ఈ) హుకాంగ్ మార్గం: మిట్కినా వైపు నుంచి హుకాంగ్ లోయ, పాంగ్సావ్ కనుమ దాటి అస్సాంలోని లీడో. చివరగా బయలుదేరినవారి దారి ఇది. వర్షాలు, బురద, పొంగిన వాగులు, మలేరియా, జలగలు, ఆకలి కలిసి దీనిని అన్నింటికన్నా ప్రాణాంతకమైన మార్గంగా మార్చాయి. అస్సాం తేయాకు తోటల యజమానుల సంఘం తన తోటకూలీలను పంపి ఇక్కడా, మణిపూర్ మార్గంలోనూ విడిది శిబిరాలు నడిపింది. కాందిశీకులకు వంట చేసినవారు, బరువులు మోసినవారు, బాటలు వేసినవారు చాలామంది ఆ కూలీలే. వారు కూడా ఒకప్పుడు ఇతర ప్రాంతాల నుంచి వలస తెచ్చినవారి సంతతే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. 1931 జనాభా లెక్కలు ఫిబ్రవరిలో తీయడం వల్ల భారతీయుల సంఖ్యపై ఎలాంటి ప్రభావం పడింది?
2. డెక్ ప్రయాణంపై ఆంక్షలు ఏ వర్గాన్ని కాలినడక దారి పట్టించాయి?

5. లెక్కలు ఎక్కడ పుట్టాయి?

కదలికలను లెక్కించడంలో రెండు వేర్వేరు పనులు ఉంటాయి. ఒకచోట ఒక రోజున ఎందరు ఉన్నారో తెలుసుకోవడం ఒకటి. దీనిని 'నిల్వ' లెక్క అనవచ్చు. ఒక స్థలం గుండా కొంత కాలంలో ఎందరు దాటారో తెలుసుకోవడం రెండవది. దీనిని 'ప్రవాహం' లెక్క అనవచ్చు. శిబిరంలో రాత్రికి ఉన్నవారి సంఖ్య నిల్వ. వంతెన దాటినవారి సంఖ్య ప్రవాహం. ఈ రెండింటినీ కలిపి కూడితే తప్పుడు మొత్తం వస్తుంది. 1942 పత్రాలను ఈ దృష్టితో చూద్దాం.

5.1 రేవు: ఓడ ఎక్కినవారికి టిక్కెట్టు ఉంటుంది, ప్రయాణికుల సంఖ్య ఓడ కంపెనీ దగ్గర ఉంటుంది. అందువల్ల నాలుగు దారుల్లో సముద్రమార్గపు అంకె మిగిలినవాటికంటే నమ్మదగినది. గమనించవలసిన విషయమేమిటంటే, కొంత డబ్బు, కొంత పలుకుబడి ఉన్నవారి ప్రయాణమే స్పష్టంగా నమోదైంది.

5.2 శిబిరం: కొండదారుల్లోని విడిది శిబిరాల్లో లెక్క బియ్యం కోసం. ఈ రాత్రి ఎందరికి వండాలి, రేపటికి ఎన్ని బస్తాలు కావాలి అన్నదే అక్కడి అధికారికి కావలసిన సమాచారం. పేరు, ఊరు అతనికి అవసరం లేదు. ఒకే మనిషి నాలుగు శిబిరాల్లో తింటే నాలుగుసార్లు లెక్కకు వస్తాడు. శిబిరానికి రాకుండా అడవి బాటన దాటిపోయినవాడు ఒక్కసారి కూడా రాడు. నీరసించి రెండు శిబిరాల మధ్య కూలబడినవాడు మొదటి శిబిరపు లెక్కలో ఉంటాడు, రెండవదానిలో ఉండడు. ఆ తేడా మరణమా, ఆలస్యమా, దారి మార్పా అన్నది కాగితం చెప్పదు.

5.3 రైలు: దీమాపూర్, చిట్టగాంగ్ వంటి చోట్ల ప్రయాణికులను రైళ్లలో ఎక్కించి కలకత్తా మీదుగా స్వస్థలాలకు పంపారు. టీకాలు, ఉచిత ప్రయాణం, సహాయం కోసం ఇక్కడ లెక్క తీశారు. 'చేరినవారు' అని మనం చెప్పుకొనే అంకెలకు ప్రధాన ఆధారం ఇలాంటి చివరి మజిలీలే.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. ప్రభుత్వం తలుపు దగ్గర నిలబడి లెక్కించింది. దారి పొడవునా కాదు. రేవు ఒక తలుపు, శిబిరం ఒక తలుపు, రైల్వే స్టేషన్ ఒక తలుపు. తలుపు దాటినవారు అంకె అయ్యారు. రెండు తలుపుల మధ్య ఏం జరిగిందన్నది ఆ పత్రాల్లో ఖాళీగానే మిగిలింది.

6. అంకెల్లో కనిపించనివారు

6.1 మృతులు: మరణాల సంఖ్య ఎలా లెక్కకట్టాలో ఆలోచించండి. సూత్రప్రాయంగా ఇది తీసివేత:

బయలుదేరినవారు = చేరినవారు + దారిలో మరణించినవారు + దారిలోనే ఆగిపోయినవారు లేదా వెనుదిరిగినవారు + ఎవరి లెక్కకూ అందకుండా చేరినవారు

కుడివైపున ఉన్న నాలుగింటిలో మొదటిది మాత్రమే ఉజ్జాయింపుగా తెలుసు. ఎడమవైపు సంఖ్య కూడా ఖచ్చితంగా తెలియదు. 1941లో బర్మాలో జనాభా లెక్కలు తీశారు గాని, యుద్ధంలో ఆ పత్రాల్లో అత్యధిక భాగం నశించింది. కాబట్టి పదేళ్ల కిందటి 1931 అంకెల మీదే ఆధారపడవలసి వస్తుంది. రెండు అనుమానాస్పద సంఖ్యల మధ్య తీసివేతగా వచ్చేదే మరణాల అంచనా. 10,000కు, 50,000కు మధ్య తేడా కేవలం చరిత్రకారుల అభిప్రాయ భేదం కాదు. లెక్కింపు జరగని దారి పొడవే ఆ తేడా.

ఇంకొక రకం ఆధారం కూడా ఉంది. 1942 డిసెంబరులో మిత్రరాజ్యాలు లీడో నుంచి బర్మాలోకి రోడ్డు వేయడం మొదలుపెట్టాయి. ఆ పనివారికి, ఆ దారిన సాగిన సైనికులకు పాత నడకదారి పక్కన, కూలిన గుడిసెల్లో అస్థిపంజరాలు కనిపించాయి. కాగితం వదిలేసిన సంగతిని నేల దాచిపెట్టింది. కాని ఎముకలు కూడా ఊరు, పేరు చెప్పవు.

6.2 ఉండిపోయినవారు: భారతీయులందరూ రాలేదు. లక్షలాదిమంది జపాన్ ఆక్రమణలో బర్మాలోనే ఉండిపోయారు. నేతాజీ సుభాష్ చంద్రబోస్ 1944 జనవరిలో ఆజాద్ హింద్ ప్రభుత్వ కేంద్రాన్ని రంగూన్‌కు మార్చినప్పుడు అక్కడి భారతీయుల నుంచి ధనం, మనుషులు సమకూరడం ఇందుకు నిదర్శనం. ఊళ్లో 'రాలేదు' అని ఏడ్చిన ప్రతి మనిషీ మరణించలేదని, కొందరు అక్కడే జీవించి ఉన్నారని మనం గుర్తుంచుకోవాలి. తిరిగివచ్చిన కొందరి బర్మీయ భార్యలు, పిల్లలు కూడా అక్కడే మిగిలారు. భారతీయ, బర్మీయ తల్లిదండ్రుల సంతానాన్ని జనాభా లెక్కలు విడి వర్గంగా చూపాయి. అందువల్ల ఒకే ఇంటివారు రెండు వరుసల్లో చేరారు. తరలింపు వారిని రెండు దేశాల్లోకి విడగొట్టింది.

6.3 పేరు మారినవారు: తెలుగు కూలీల కోసం ఆంగ్ల పత్రాలు వెదికే విద్యార్థికి 'తెలుగు' అన్న మాట అన్నిచోట్లా దొరకదు. బర్మాలో తెలుగువారిని 'కొరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి తొలినాళ్లలో వెళ్లిన ప్రయాణాల గుర్తుగా ఆ పేరు నిలిచింది. 1839 తుపాను కోరంగిని ధ్వంసం చేసినా, సముద్రం అవతల ఆ పేరు కూలీలను చిన్నచూపు చూసే మాటగా కొనసాగింది. అస్సాం చేరేసరికి అదే మనిషి 'మద్రాసీ' అయ్యాడు. మద్రాస్ రాష్ట్రం నుంచి వచ్చిన తమిళులు, తెలుగువారు ఆ ఒక్క మాటలో కలిసిపోయారు. ఎవరు రాశారన్నదాన్ని బట్టి ఒకే వ్యక్తి జాడ మూడు పేర్ల కింద వెదకవలసి ఉంటుంది.

7. తిరిగి వచ్చిన తరవాత

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. తీర పట్టణాల ప్రజలు లోతట్టు ఊళ్లకు తరలిపోయారు. బర్మా నుంచి నెలల తరబడి నడిచి వచ్చినవారు ఇల్లు చేరే సమయానికి ఇక్కడి వారే ఇళ్లు వదులుతున్నారు. ఒక ప్రవాహం ముగిసేచోట మరో ప్రవాహం మొదలైంది.

యుద్ధం ముగిసిన తరవాత చాలామంది తిరిగి వెళ్లాలనుకున్నారు. వారి పని, బాకీలు, కొందరి ఆస్తులు అక్కడే ఉన్నాయి. కాని 1947లో బర్మా ప్రభుత్వం వలసలపై కఠినమైన చట్టం చేసింది. 1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. ఒకప్పుడు టిక్కెట్టు ఉంటే చాలిన ప్రయాణానికి ఇప్పుడు అనుమతి పత్రాలు కావాలి. 1942 ముందు అక్కడ నివసించామని నిరూపించుకోవలసిన అవసరం వచ్చినప్పుడు, ఏ పట్టికలోనూ పేరు లేని కూలీ దగ్గర చూపడానికి ఏమీ లేదు. లెక్కలో లేకపోవడం వల్ల కలిగే నష్టం చరిత్రకారుడి అసౌకర్యంతో ఆగదు. అది ఆ మనిషి హక్కు మీద పడుతుంది.

1962లో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకొన్నాక వ్యాపారాలను జాతీయం చేశారు. దానితో 1964 నుంచి మరో పెద్ద తరలింపు జరిగింది. ఈసారి దాదాపు మూడు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారని అంచనా. రెండు ప్రభుత్వాల ఏర్పాటుతో, ఓడల్లో, పత్రాలతో వారు మద్రాస్, విశాఖపట్నం రేవులకు చేరారు. విశాఖపట్నంలోని 'బర్మా క్యాంపు' వంటి స్థలనామాలు ఆ పునరావాసానికి గుర్తులు. ఈ రెండు తరలింపులను పోల్చి చూడండి. 1964 నాటివారికి రేవులో నమోదు, శిబిరం, రుణం, ఒక కాలనీ పేరు మిగిలాయి. 1942లో కొండలు దాటి వచ్చి తమ ఊళ్లలో కలిసిపోయినవారికి అలాంటి గుర్తు అరుదు.

1942 ప్రయాణాన్ని ఒక సమగ్ర అధ్యయన విషయంగా నిలిపినవారిలో చరిత్రకారుడు హ్యూ టింకర్ ముఖ్యుడు. 1975లో ప్రచురించిన తన వ్యాసానికి ఆయన 'మరచిపోయిన సుదీర్ఘ యాత్ర' అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. సంఘటనకు, ఆ వ్యాసానికి మధ్య ముప్పై ఏళ్లకు పైగా కాలం గడిచింది. అప్పటికే నడిచినవారిలో ఎందరో లేరు.

8. నేటి పద్ధతులతో పోలిక

నేడు నిర్వాసితుల కదలికలను గుర్తించడం ఒక ప్రత్యేక విద్యగా మారింది. అంతర్జాతీయ వలసల సంస్థ 2004లో ఇరాక్‌లో మొదలుపెట్టిన గుర్తింపు విధానాన్ని తరవాత అనేక దేశాలకు విస్తరించారు. ఇందులో గ్రామపెద్దలు, ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తల వంటి స్థానికుల నుంచి క్రమం తప్పకుండా సమాచారం తీసుకుంటారు. నిల్వను, ప్రవాహాన్ని వేర్వేరుగా నమోదు చేస్తారు. ఒకే ప్రాంతాన్ని విడతలవారీగా మళ్లీ మళ్లీ లెక్కిస్తారు. 1942లో లోపించినవి సరిగ్గా ఇవే.

కాని పాత సమస్యలు పూర్తిగా తీరలేదు. 2017 ఆగస్టు తరవాత ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు అదే అరకాన్ ప్రాంతం నుంచి బంగ్లాదేశ్ చేరారు. శిబిరాలకు చేరినవారిని కుటుంబాలవారీగా లెక్కించారు. దారిలో, ఊళ్లలో మరణించినవారి సంఖ్య అంచనాగానే మిగిలింది. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తరవాత మయన్మార్ లోపల నిర్వాసితులైనవారు ముప్పై లక్షలు దాటారని ఐక్యరాజ్యసమితి 2024లో అంచనా వేసింది. 1951 శరణార్థుల ఒడంబడిక సరిహద్దు దాటినవారికి వర్తిస్తుంది. దేశం లోపలే తిరుగుతున్నవారి కోసం ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు 1998లో మాత్రమే వచ్చాయి. ఎవరు శరణార్థి, ఎవరు నిర్వాసితుడు అన్న నిర్వచనమే ఎవరిని లెక్కించాలో నిర్ణయిస్తుంది.

మరొక ప్రశ్న కూడా ఉంది: లెక్క ఎందుకు? రంగూన్‌లో 1941 డిసెంబరులో కూలీల కదలికలను ప్రభుత్వం గమనించింది వారిని కాపాడడానికి కాదు, పనిలోకి తిరిగి రప్పించడానికి. ఏప్రిల్ నాటికి శిబిరంలో లెక్కించింది అన్నం పెట్టడానికి. రెండూ గుర్తింపే, ప్రయోజనాలు వేరు. నేడు వేలిముద్రలు, ఫోటోలతో కూడిన సమాచారం సహాయం అందించగలదు. అదే సమాచారం హింసించేవారి చేతికి చిక్కితే ప్రమాదమూ తేగలదు. అందువల్ల ఏ అంకెను చూసినా మూడు ప్రశ్నలు వేయాలి: ఎవరు లెక్కించారు? ఎక్కడ నిలబడి లెక్కించారు? ఎందుకు లెక్కించారు?

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. 'నిల్వ', 'ప్రవాహం' లెక్కల మధ్య తేడా ఏమిటి? ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.
2. మరణాల అంచనాల్లో పెద్ద తేడా రావడానికి రెండు కారణాలు రాయండి.

9. సారాంశం

1941–42లో లక్షలాది భారతీయులు ఓడల్లోను, అరకాన్, మణిపూర్, హుకాంగ్ మార్గాల్లోను బర్మా నుంచి తరలివచ్చారు. వారి కదలికలు రేవుల్లో, శిబిరాల్లో, రైల్వే స్టేషన్లలో మాత్రమే నమోదయ్యాయి. ఆ మజిలీల మధ్య మరణించినవారు, ఆగిపోయినవారు, వేరే పేరుతో నమోదైనవారు లెక్కలకు అందలేదు. ధనిక, పేద తేడా ప్రయాణంలోనే కాక పత్రాల్లోనూ కనిపిస్తుంది. లెక్కలో లేనివారు తరవాతి కాలంలో తమ హక్కులు నిరూపించుకోలేకపోయారు. కాబట్టి నిర్వాసితుల చరిత్ర రాసేటప్పుడు అంకెను వాడడంతో పాటు, ఆ అంకె పుట్టిన చోటును కూడా పరిశీలించాలి.

10. ముఖ్య పదాలు

కాందిశీకులు: ఆపద వల్ల ఇల్లు, ఊరు విడిచి పారిపోయి వచ్చినవారు.
నిర్వాసితులు: తమ నివాసం నుంచి బలవంతంగా కదలవలసి వచ్చినవారు, సరిహద్దు దాటినా, దాటకపోయినా.
మేస్త్రీ: బయానా ఇచ్చి కూలీల ముఠాను కుదుర్చుకొని పనికి తీసుకువెళ్లే వ్యక్తి.
డెక్ ప్రయాణం: ఓడ పైతట్టు మీద అతి తక్కువ ధరకు చేసే ప్రయాణం.

11. అభ్యాసం

మీ ఊళ్లో గాని, బంధువుల్లో గాని బర్మా నుంచి వచ్చిన కుటుంబం ఉంటే, వారి అనుమతితో వివరాలు అడిగి రాసుకోండి. ఏ రేవు నుంచి వెళ్లారు, ఏ పని చేశారు, ఏ సంవత్సరంలో, ఏ దారిన తిరిగి వచ్చారు, ఎవరు రాలేదు అన్నవి ముఖ్యం. 1942 ప్రయాణం, 1964 ప్రయాణం జ్ఞాపకాల్లో కలిసిపోయే అవకాశం ఉంది. 'నడిచి వచ్చారా, ఓడలో వచ్చారా' అన్న ప్రశ్న ఆ తికమకను చాలావరకు తీరుస్తుంది. చెప్పినవారి మాటలను మీ మాటల్లోకి మార్చకుండా, తేదీ వేసి నమోదు చేయండి.

12. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1942లో బర్మా నుంచి భారతీయుల తరలింపు మార్గాలను వివరించి, ఒక్కో మార్గంలో లెక్కింపు ఎంతవరకు నమ్మదగినదో చర్చించండి.
2. 'ప్రభుత్వం తలుపు దగ్గర నిలబడి లెక్కించింది. దారి పొడవునా కాదు.' ఈ వాక్యాన్ని సోదాహరణంగా విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బర్మాకు తెలుగు కూలీల వలసలో మేస్త్రీల పాత్ర ఏమిటి?
2. 1942, 1964 తరలింపుల మధ్య నమోదు విషయంలో ఉన్న తేడాలను పేర్కొనండి.
3. నిర్వాసితుల సమాచార సేకరణలో ఉన్న ప్రయోజనాలను, ప్రమాదాలను తెలపండి.